తప్పునకు తగిన దండనము

పూర్వము ఉన్నత పాఠశాలలలో రెండు బీరువాలకు తప్పక తాళము వేయుచుండెడివారు. ఒకటి ప్రయోగశాలలో ఆమ్లములుండు బీరువా. రెండవది ప్రధానోపాధ్యాయుని గదిలో మార్కుల రిజిష్టరులుండు బీరువా. మొదటిదాని తాళపుచెవి సైన్సు ఉపాధ్యాయుని వద్ద నుండెడిది. రెండవదాని తాళపుచెవి ప్రధానోపాధ్యాయుడు తన మేజా సొరుగున దాచుకొనెడివాడు. ఆమ్లము మీద పడినచో చేయి కాలునని పిల్లలకు ఒకమారు చెప్పిన చాలును. రిజిష్టరులోని అంకెను మార్చినచో ఏమి కాలునో, ఎవరి చేయి కాలునో, అంత సులభముగా వారికి బోధపడదు.

ఆ రిజిష్టరు వ్రాయుటకు కొన్ని కట్టుబాట్లుండెడివి. పొరపాటున ఒక అంకె తప్పుగా పడినచో దానిని చెరిపివేయరాదు. ఒక గీతతో కొట్టి, పైన సరియైన అంకె వేసి, ప్రక్కన పొట్టి సంతకము చేయవలయును. మొదటి అంకె కనబడుచునే యుండవలయును. దానిని దిద్దినవారెవరో కూడ కనబడవలయును. ఇంత కట్టుదిట్టముండినను సాహసించు పిల్లలు అప్పుడును లేకపోలేదు. బ్లేడు అంచుతో సిరాను గీకివేయుట, 3ను 8గా దిద్దుట, ప్రోగ్రెసు కార్డుపై తండ్రి సంతకమును తామే చేయుట మొదలగు విద్యలన్నియు కంప్యూటరు పుట్టకమునుపే ఉన్నవి. అయితే గీకినచోట కాగితము పలుచబడును. వెలుగునకు ఎదురుగా పట్టి చూచినచో గుట్టు బయటపడును. పలువురు పట్టుబడినది అట్లే.

నేడు ఆ రిజిష్టరు చాలవరకు కంప్యూటరులోనికి చేరినది. విద్యార్థి పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేది, హాజరు, పరీక్షల మార్కులు అన్నియు అందే నమోదగుచున్నవి. 12 అంకెల అపార్ సంఖ్యతో విద్యార్థి చదువు వివరములను ఒకచోట కూర్చు ఏర్పాటు కూడ వచ్చినది. తాళపుచెవి స్థానమును పాస్‌వర్డు అను రహస్యపదము ఆక్రమించినది. కంప్యూటరు తెరపై మార్చిన అంకె పలుచబడదు, మరకపడదు. అసలు అంకె ఎంత ధీమాగా నిలుచునో దొంగ అంకెయు అంత ధీమాగానే నిలుచును. ఎవరు, ఏ వేళ, ఏ పేరుతో లోపల ప్రవేశించి ఏ అంకెను మార్చినదియు వ్రాసియుంచు చిట్టా మంచి వ్యవస్థలలో ఉండును. కాని ఆ చిట్టాకు మనుష్యుని ముఖము తెలియదు. అతడు వాడిన పాస్‌వర్డు మాత్రమే తెలియును. ఒక బాలుడు గణితోపాధ్యాయుని పాస్‌వర్డు కొట్టి లోపల ప్రవేశించెనేని, అంకె మార్చినవాడు గణితోపాధ్యాయుడే యని ఆ చిట్టా సాక్ష్యము పలుకును. తనిఖీకి వచ్చిన అధికారి మొదట నిలదీయునది ఆయననే. బాలుడు సరదాగా చేసిన పనికి ఏ పాపమెరుగని ఉపాధ్యాయుడు సంజాయిషీ వ్రాసికొనవలసి వచ్చును. మొదట కాలు చేయి ఆయనది.

కాలు చేయి మరియొకటి కూడ ఉన్నది. ఎనిమిదవ తరగతి విద్యార్థులకు తెలిసిన ఉదాహరణమునే తీసికొనవచ్చును. కేంద్ర ప్రభుత్వమువారి నేషనల్ మీన్స్-కమ్-మెరిట్ స్కాలర్‌షిప్పు పరీక్షను ఎనిమిదవ తరగతిలో వ్రాయుదురు. ఎంపికైన పేద విద్యార్థులకు తొమ్మిదవ తరగతి నుండి పన్నెండవ తరగతి వరకు ఏటికి 12,000 రూపాయల చొప్పున లభించును. ఆ పరీక్షకు కూర్చుండవలెనన్న ఏడవ తరగతిలో నూటికి 55 మార్కులు వచ్చియుండవలయును; షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి 5 మార్కుల సడలింపు గలదు. ఏ రాష్ట్రమునకు ఎన్ని స్కాలర్‌షిప్పులో ముందే నిర్ణయమై యుండును. ఇట్టిచోట ఒక బాలుడు తన 51ని 56గా మార్చి, పరీక్ష వ్రాసి, ఎంపికయ్యెననుకొందురు గాక. ఆ యేటి పట్టికలో కడపట నిలువవలసిన వేరొక బాలిక పేరు జారిపోవును. ఆమె ఏ మండలమున, ఏ పల్లెయందున్నదో ఆ బాలునకు తెలియదు. తన పేరు ఎందుకు జారినదో ఆమెకును తెలియదు. నాలుగేండ్లకు 48,000 రూపాయలు. కూలికి పోవు తల్లి ఇంట ఆ సొమ్మునకుండు విలువ లెక్కలలో తేలునది కాదు. దొంగిలినవాడు చేతితో రూపాయిని తాకనేలేదు. అయినను దొంగతనము జరిగినది.

కావున ఇది పిల్లల ఆట యని నవ్వి త్రోసివేయదగిన విషయము కాదు. ఇంతవరకు పెద్దలందరును ఒప్పుకొందురు. చిక్కు వచ్చునది దీని తరువాత. తప్పు పెద్దదని తెలియగానే, ఆ తప్పునకు వాడిన పనిముట్టు తమకు కొత్తదగుటచే, కొందరు పెద్దలకు కాళ్లు చేతులు ఆడవు. బ్లేడుతో గీకిన బాలుని చెవి మెలిపెట్టి విడిచిన కాలమువారే, మీటలు నొక్కిన బాలుని చూచి పోలీసులను పిలుతురు. పిచ్చుకపై బ్రహ్మాస్త్రము సంధించుట యనగా ఇదియే. ఇందుకు అమెరికా దేశమున జరిగిన ఒక వృత్తాంతము మంచి తార్కాణము.

పెన్సిల్వేనియా రాష్ట్రమున కట్జ్‌టౌన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి ఉన్నత పాఠశాలవారు 2004లో తమ విద్యార్థులకు సుమారు 600 లాప్‌టాప్ కంప్యూటరులను పంచిపెట్టిరి. కొన్ని ఇంటర్‌నెట్ పుటలు తెరువబడకుండ వానిలో అడ్డుకట్ట వేసిరి. విద్యార్థి తెరపై ఏమి చూచుచున్నాడో అధికారులు తమ గది నుండియే కనిపెట్టు ఏర్పాటు కూడ చేసిరి. ఈ కట్టుబాట్లన్నిటిని తీసివేయగల ముఖ్యమైన పాస్‌వర్డు ఒకటి యుండెను. అది ఆ పాఠశాల ఉన్న వీధి చిరునామాను కుదించి చేసినది. ఆశ్చర్యకరమైన సంగతి యేమనగా, ఆ పాస్‌వర్డును లాప్‌టాపుల వెనుకభాగముననే అంటించియుంచిరి! దొంగ చేతికి తాళపుచెవి ఇచ్చుట యను మాట తెలుగునాట సామెతగా మాత్రమే వినబడును. అచ్చట అది ఏర్పాటుగానే జరిగినది.

పిల్లలు ఊరకుందురా? ఆ పదము చేతులు మారినది. అడ్డుకట్టలను తొలగించి కొందరు కబుర్లు చెప్పుకొను ప్రోగ్రాములను దింపుకొనిరి. కొందరు తమపై నుంచిన నిఘాను ఆపివేసిరి. మరికొందరు ఆ నిఘానే వెనుకకు త్రిప్పి అధికారుల తెరలను తామే చూచిరి. అధికారులు కొన్ని యంత్రములలో పాస్‌వర్డును మార్చిరి. కొందరు విద్యార్థులు, పాస్‌వర్డులను ఛేదించు ప్రోగ్రామును ఇంటర్‌నెట్‌లో సంపాదించి, కొత్త పదమును కూడ కనుగొనిరి. పాఠశాలవారు మొదట బడి విడిచిన పిమ్మట నిలిపియుంచుట, తరగతికి రానీయకుండుట మొదలగు శిక్షలు విధించిరి. అవి ఫలింపలేదని తలచి పోలీసులకు ఫిర్యాదు చేసిరి. 2005లో 13 మంది విద్యార్థులపై ఫెలనీ యనబడు పెద్ద నేరము మోపబడెను. ఆ మాటకు అచ్చట బరువెక్కువ. దొంగతనమునకు ఇల్లు పగులగొట్టువారిపై మోపు తరగతి నేరమది. తల్లిదండ్రులు గగ్గోలు పెట్టిరి, పత్రికలు వ్రాసినవి, దేశమంతయు ఆ చిన్న పట్టణమువైపు చూచినది. తుదకు ఆగస్టు నెలలో ఆ వ్యవహారము రాజీకి వచ్చినది. ఎక్కువమంది విద్యార్థులు 15 గంటలు సమాజసేవ చేయుటకును, క్షమాపణ లేఖ వ్రాయుటకును, వ్యక్తిగత బాధ్యతను గూర్చిన పాఠములు వినుటకును, కొన్ని నెలలు సత్ప్రవర్తన పరీక్షలో నుండుటకును అంగీకరించిరి. ఆ పెద్ద నేరారోపణ వీగిపోయినది.

ఈ వృత్తాంతములో రెండు పక్షములను విడదీసి చూడవలసి యున్నది. యంత్రము వెనుక అంటించిన పదమును చదివి వాడుకొన్న పిల్లవాని తప్పు ఒకటి. పదము మార్చిన పిమ్మట, వలదని చెప్పిన పిమ్మట, శిక్ష కూడ పడిన పిమ్మట, దానిని పట్టుదలతో ఛేదించిన పిల్లవాని తప్పు వేరొకటి. మొదటివాడు తెరచియున్న తోటలో మామిడికాయ కోసినవాడు. రెండవవాడు కంచె కట్టిన తరువాత కంచెను నరికి లోనికి దూరినవాడు. రెండవవానిని గట్టిగా దండింపవలసినదే. అయినను వారిలో ఎవరును మార్కులు దిద్దిరనునది కాదు అచ్చటి ఫిర్యాదు. తుదకు విధించిన 15 గంటల సేవ, క్షమాపణ, పాఠములు ఈ మూటిని మొదటి నెలలోనే ప్రధానోపాధ్యాయుడు తన గదిలో కూర్చుండి విధించియుండవచ్చును. పోలీసు స్టేషను వరకు పోయి వచ్చి చేరిన చోటు బడి అరుగే. నడుమ పిల్లలును తల్లిదండ్రులును పడిన భయము మాత్రము శిక్షాపట్టికలో ఎచ్చటను వ్రాయబడలేదు.

పదేండ్ల తరువాత, 2015లో, ఫ్లోరిడా రాష్ట్రమున ఇంతకంటెను చిన్న విషయము ఇంతకంటెను పెద్దదైనది. 14 ఏండ్లవాడు, ఎనిమిదవ తరగతి చదువుచున్నవాడు, తనకు నచ్చని ఒక ఉపాధ్యాయుని కంప్యూటరు తెరపైనుండు బొమ్మను తీసి వేరొక వెకిలి బొమ్మను పెట్టెను. ఆ పాస్‌వర్డు ఒక ఉపాధ్యాయుని ఇంటిపేరే. ఆయన కొట్టుచుండగా చూచి బాలుడు నేర్చుకొనెను. పాఠశాలవారు 10 దినములు బడికి రావలదనిరి. అంతటితో ఆగలేదు. పోలీసులు ఆ బాలుని నిర్బంధించి ఫెలనీ నేరమును నమోదు చేసిరి. నల్లబల్లపై ఉపాధ్యాయుని బొమ్మను వికారముగా గీసిన బాలుని ఏ కాలమునను ఏ దేశమునను పోలీసులకు అప్పగించిన పెద్దలుందురా? సుద్దముక్కతో చేసినచో అల్లరి, మీటతో చేసినచో ఘోరము అనుట న్యాయము కాదు. పనిముట్టును బట్టి కాక, చెడిన వస్తువును బట్టి తప్పును తూచవలయును.

చెడిన వస్తువు నిజముగా పెద్దదైన సందర్భము కూడ లేకపోలేదు. 2008లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఉన్నత పాఠశాల విద్యార్థి, 18 ఏండ్లవాడు, రాత్రివేళ దొంగ తాళపుచెవితో బడిలో ప్రవేశించి కంప్యూటరులలో తన మార్కులను, తోటివారు పండ్రెండుగురి మార్కులను పెంచెనని నేరము మోపబడెను. ఒకటి కాదు, 69 ఆరోపణలు. అన్నియు ఋజువై, ఒకదానిపై నొకటిగా శిక్ష పడినచో 38 సంవత్సరములు చెరసాలలో నుండవలసి వచ్చునని అప్పుడు చెప్పుకొనిరి. ఇతడు చేసినది అల్లరి కాదు; వయసు వచ్చినవాడు, తెలిసి, పలుమారులు, రాత్రివేళ చేసిన పని. దండనమునకు తగినవాడే. కాని 38 ఏండ్లన్న మాట వినగానే జనుల మనస్సు తప్పును మరచి శిక్షను చూచి నివ్వెరపోవును. తుదకు 2011లో అతడు నేరము నంగీకరింపగా పడిన జైలు శిక్ష 30 దినములు. 38 ఏండ్లెక్కడ, 30 దినములెక్కడ! కొలబద్ద ఇంత సాగునదియు ఇంత ముడుచుకొనునదియు అయినప్పుడు, పిల్లలు దానిని చూచి భయపడవచ్చును గాని గౌరవింపరు.

దండనము తప్పును మించరాదన్న ఆలోచన పడమటి దేశముల నుండి దిగుమతి అయినది కాదు. మహాభారతము ఆదిపర్వమున మాండవ్య మహర్షి కథ కలదు. ఆయన ఆశ్రమము ముందు మౌనవ్రతమున నిలిచి తపస్సు చేయుచుండగా, రాజభటులు తరుముకొని రాగా దొంగలు సొమ్ముతో ఆ ఆశ్రమములో దూరిరి. భటులడిగిరి, మహర్షి మౌనము విడువలేదు. సొమ్ము ఆశ్రమమున దొరికినది గనుక ఆయనయు దొంగయే యని తలచి రాజు కొరత వేయించెను. (ఒకరి పాస్‌వర్డు చిట్టాలో కనబడినంత మాత్రమున దోషి అతడే యని నిశ్చయించువారు ఈ భాగమును మరియొకమారు చదువుకొనవచ్చును.) తపోబలముచే ప్రాణము పోలేదు. రాజు తన పొరపాటు తెలిసికొని దింపించెను గాని, కొఱ్ఱు ఊడిరాక కోయవలసి వచ్చినది. మొన శరీరముననే నిలిచిపోయినది. అందుచేత ఆయన అణిమాండవ్యుడైనాడు. ఆయన యమధర్మరాజు వద్దకు పోయి, ఇంతటి బాధకు తాను చేసిన పాపమేమని ప్రశ్నించెను. చిన్నతనమున పురుగులను పుల్లతో గ్రుచ్చి ఆడుకొన్నందుకని యముడు బదులు చెప్పెను.

అప్పుడు మాండవ్యుడు చేసిన పని చాల గొప్పది. తాను పాపము చేయలేదని ఆయన వాదింపలేదు. పసితనమున తెలియక చేసిన చిన్న తప్పునకు ఇంత పెద్ద దండనము విధించుట ధర్మము కాదన్నాడు. దండించినవానినే శపించినాడు. ఇకమీదట 14 ఏండ్లలోపు పిల్లలు చేసినది పాతకముగా లెక్కింపబడకూడదని మర్యాద నేర్పరచినాడు. ధర్మమునకు అధిదేవత యైన యముడు ఆ శాపమున విదురుడై పుట్టి, మానవుల నడుమ మెలగి, కౌరవసభలో న్యాయము పలుకుచు కాలము గడపవలసి వచ్చినది. పురుగులను గ్రుచ్చుట మంచిదని ఆ కథ ఎచ్చటను చెప్పదు. తప్పునకును కొఱ్ఱునకును నడుమ దూరమెంతో అది అడుగుచున్నది.

దీనికి ఎదురు చెప్పువారున్నారు. వారి మాటలోను బలము లేకపోలేదు. మొక్కగా నున్నప్పుడు వంగనిది మ్రానైన పిమ్మట వంగునా యని వారందురు. మార్కులు దిద్దిన బాలుడు రెండు చీవాట్లతో తప్పించుకొన్నచో, రాత్రి పదిగంటల వరకు లాంతరు ముందో దీపము ముందో కూర్చుండి చదివిన బాలిక ఏమనుకొనును? ఈ ప్రశ్నను తేలికగా తీసివేయరాదు. పాఠశాలయందు న్యాయము దోషికి మాత్రమే సంబంధించినది కాదు. చూచుచున్న 40 మందికి సంబంధించినది. అయితే ఆ బాలిక కోరునది ఏమి? అంకె తిరిగి నిజమగుట. దొంగ అంకెతో సంపాదించినదేదైనను వెనుకకు పోవుట. తప్పు చేసినవాడు నిజముగా కష్టపడి ఆ ఋణము తీర్చుట. ఆ బాలుడు బడి మానివేసి ఊరి సెంటరులో టీ గ్లాసులు కడుగుట ఆమె కోరదు. ఎలుకల బాధకు ఇల్లు తగులబెట్టినందువలన ఆ ఇంటనున్నవారికెవరికిని మేలు కలుగదు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన పొరపాటు ఇంకొకటి కలదు. కంప్యూటరులోనికి దొంగచాటుగా దూరిన బాలుని కొందరు మేధావి యని మెచ్చుకొందురు. పైనుదహరించిన చోట్ల ఎక్కువ భాగము మేధస్సు పనిచేయనే లేదు. వెనుక అంటించిన కాగితము చదువుటకును, ఉపాధ్యాయుని వ్రేళ్లవైపు చూచుటకును ప్రతిభ అక్కరలేదు. నిజముగా ప్రతిభ గలవాని సంగతి వేరు. 1988 నవంబరు 2వ తేదీన రాబర్ట్ మోరిస్ అను కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి, 22 ఏండ్లవాడు, ఇంటర్‌నెట్‌లో తనంత తాను వ్యాపించు ప్రోగ్రామును విడిచెను. సుమారు 6,000 కంప్యూటరులు దానివలన స్తంభించెనని అప్పటి అంచనా. న్యాయస్థానము అతనిని దోషి యని నిర్ణయించెను. అయితే 1990లో విధించిన శిక్ష మూడేండ్ల సత్ప్రవర్తన పరీక్ష, 400 గంటల సమాజసేవ, 10,050 డాలర్ల జరిమానా. చెరసాల లేదు. అది తేలిక శిక్ష కాదు. 400 గంటలనగా దినమునకు నాలుగు గంటల చొప్పున 100 దినములు. అతడు పిమ్మట చదువు కొనసాగించి మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఆచార్యుడైనాడు. అతని తెలివిని చూచి న్యాయస్థానము విడిచిపెట్టలేదు. అతని తప్పును చూచి దారి మూసివేయనూ లేదు.

మన దేశపు చట్టములు ఈ విషయమున ఏమి చెప్పుచున్నవో విద్యార్థులు తెలిసికొనుట మంచిది. 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 66వ సెక్షను ప్రకారము, అనుమతి లేక కపటబుద్ధితో కంప్యూటరులో ప్రవేశించి అందలి వివరములను మార్చువానికి మూడేండ్ల వరకు జైలు శిక్షగాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానాగాని, రెండునుగాని పడవచ్చును. ఇది పెద్దలకు. 18 ఏండ్లు నిండనివారికి 2015 సంవత్సరపు బాలల న్యాయ చట్టము వర్తించును. గరిష్ఠ శిక్ష మూడేండ్లకు మించని నేరమును ఆ చట్టము చిన్న నేరముగా లెక్కించును. 2016 నాటి నియమముల ప్రకారము ఇట్టి నేరమునకు బాలునిపై పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయరాదు, స్టేషను డైరీలో వ్రాసికొని జువెనైల్ జస్టిస్ బోర్డునకు నివేదింపవలయును. పెద్దలతో కలిసి చేసిన నేరమైనచో మాత్రము ఈ నియమము వర్తింపదు. మార్కులు దిద్దించుటకు డబ్బు తీసికొను పెద్దవాని చేతిలో పనిముట్టగు బాలుడు ఈ మాటను గుర్తుంచుకొనవలయును. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉందురు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పక స్త్రీ. హితవు చెప్పి ఇంటికి పంపుట, సమాజసేవ చేయించుట, సత్ప్రవర్తన పరీక్షలో నుంచుట మొదలైన మార్గములు బోర్డు ముందున్నవి. బాలుని పేరుగాని, బొమ్మగాని, చదువుచున్న బడి పేరుగాని పత్రికలలో ప్రకటింపరాదని 74వ సెక్షను నిషేధించుచున్నది.

2009 సంవత్సరపు విద్యాహక్కు చట్టము ఎనిమిదవ తరగతి ముగియువరకు ఏ బాలునైనను బడి నుండి బహిష్కరింపరాదనుచున్నది. కొట్టుటను, మనస్సు నొచ్చునట్లు వేధించుటను అదే చట్టము నిషేధించినది. ప్రార్థనాసమయమున అందరి ముందు నిలబెట్టి తప్పును చదివి వినిపించుట పాత కాలపు అలవాటు. అది నేడు చట్టవిరుద్ధము. చట్టము రాకముందును మంచిది కాదు. అట్లు నిలబడిన బాలునకు గుర్తుండునది తన తప్పు కాదు, తనవైపు చూచిన కన్నులు.

మరి ఏమి చేయవలయును? మొదట తప్పు వివరము తేలవలయును. తొంగి చూచెనా, దిద్దెనా? తన అంకెనా, ఇతరులదా? మెచ్చుకోలు కొరకా, లాభము కొరకా? ఒకమారా, పలుమారులా? వాకబు చేయకమునుపే శిక్ష పలుకు నోరు న్యాయము పలుకజాలదు. తొంగి చూచినవానికి గట్టి మందలింపు, ఒక క్షమాపణ చాలును. తన మార్కులను దిద్దినవాడు ఆ పరీక్షను మరల వ్రాయవలయును. ఎవరి పాస్‌వర్డు వాడెనో ఆ ఉపాధ్యాయుని ఎదుట కూర్చుండి, ఆయనకు తెచ్చిపెట్టిన చిక్కేమిటో ఆయన నోటనే వినవలయును. చాలమంది పిల్లలకు ఇది బెత్తము కంటె బరువైన శిక్ష. ఆపైన ఒక టరము పాటు బడి విడిచిన పిమ్మట, ఉపాధ్యాయుని కనుసన్నలలో, జవాబు పత్రములపైనున్న మార్కులను అచ్చువేసిన పట్టికతో ఒక్కొక్కటిగా సరిచూచు పని వానికి అప్పగింపవచ్చును. విసుగు పుట్టించు పని అది. 40 మంది పేర్లు, ఆరు సబ్జెక్టులు, 240 అంకెలు. ఒక్కొక్క అంకె వెనుక ఒకరి ఏటి శ్రమ ఉన్నదని వ్రేలితో తాకి తెలిసికొనుటకు అంతకంటె మంచి పాఠము దొరకదు. డబ్బు పుచ్చుకొని ఇతరుల మార్కులు దిద్దినవాని విషయము ప్రధానోపాధ్యాయుని గదిలో ముగియరాదు. అది బోర్డునకు పోవలసినదే. స్కాలర్‌షిప్పువంటి ప్రభుత్వ ధనముతో ముడిపడిన దిద్దుబాటును దాచిపెట్టు ప్రధానోపాధ్యాయుడు బాలుని కాపాడినవాడు కాడు; ఆ పల్లెలోని బాలికకు అన్యాయము చేసినవాడు. శిక్ష ఏదైనను దానికి ముగింపు తేది యుండవలయును. కంప్యూటరు గదికి మూడు నెలలు రావలదన్నచో, నాలుగవ నెల మొదటి దినమున తలుపు తెరువవలయును.

పెద్దల పాలు తప్పును ఈ లెక్కలో వదలరాదు. మార్కులు ఎక్కించు గడువు దగ్గరపడినప్పుడు, పని తొందరలో, కొన్ని బడులలో చురుకైన విద్యార్థిని పిలిచి, పాస్‌వర్డు చెప్పి, కంప్యూటరు ముందు కూర్చుండబెట్టుట కద్దు. బాలుడు పొంగిపోవును, ఉపాధ్యాయుని పని తీరును. ఆ సాయంకాలమే తాళపుచెవి చేతులు మారినది. రేపు వాడు తన అంకెను దిద్దెనేని తప్పు వానిదే. కాని విచారణ చేయు పెద్ద, వానికి ఆ కుర్చీ చూపినదెవరో కూడ వ్రాసికొనవలయును. బడి పేరునో, ఉపాధ్యాయుని ఇంటిపేరునో, 1 నుండి 8 వరకు అంకెలనో పాస్‌వర్డుగా పెట్టుకొను అలవాటు ఆంధ్ర తెలంగాణ బడులలోను మానవలసినదే; కట్జ్‌టౌన్ వారు వీధి పేరు పెట్టి ఎంత పని తెచ్చుకొనిరో పైన చూచితిమి.

ఇక మిగిలినది కాగితముల సంగతి. దిద్దిన అంకెను మరల సరిచేయునప్పుడు పాత రిజిష్టరు పద్ధతినే పాటింపవలయును. దొంగ అంకె ఏది, సరియైన అంకె ఏది, సరిచేసినవారెవరు, ఏ తేదిన అనునవి చిట్టాలో చెరగక నిలువవలయును. బాలుని వ్యవహారమునకు సంబంధించిన కాగితములకు చట్టము వేరొక నియమము చెప్పినది. బాలల న్యాయ చట్టము 24వ సెక్షను ప్రకారము, ఆ తప్పు కారణముగా మున్ముందు చదువునకుగాని ఉద్యోగమునకుగాని వానికి ఏ అనర్హతయు కలుగరాదు. ఇట్టి చిన్న నేరములలో బోర్డు వద్దనున్న ఆ కాగితములను, అప్పీలు గడువు తీరిన పిమ్మట, ధ్వంసము చేయవలయును.